పక్కవాళ్ల గుమ్మం

ఒమరు
11 ఏప్రిల్, 2023

రోనా,

మెయిలు పంపొచ్చు కదా, ముసలాయనకి కాగితాలెందుకు అనుకుంటావు. మెయిల్లో కోపం పుట్టిన నిమిషంలోనే అవతలి మనిషి ఒళ్లో పడుతుంది. కాగితమైతే థేమ్స్ వీధి చివర పోస్టు డబ్బా దాకా దక్షిణపు చలిగాలికి ఎదురు నడవాలి. ఆ నడకలో సగం కోపం మోకాళ్లలోకి దిగిపోతుంది. నీకు చేరేది మిగతా సగమే. అందుకు సంతోషించు.

నీ సంగతులు అడగను. అడిగితే చెప్తావు, చెప్తే నేను వినాలి. రెండు పనులున్నాయి, అవి రాస్తాను.

మొదటిది. మన టస్సాక్ ఫోరంలో నీ మతగౌరి ప్రోగ్రాము పేరెత్తేవాళ్లు ఎక్కువైపోయారు. (మన అని చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. నా అని చదువుకో.) నాలుగో నియమం నీకు కంఠతా వచ్చు, దాన్ని టైపు చేసింది నువ్వే: ఇక్కడ వేరే నేత ప్రోగ్రాముల ఊసు వద్దు. ఆ రోజుల్లో డబ్బుకి ప్రోగ్రాములమ్మే కంపెనీ ఏజెంట్లు నేతగత్తెల వేషాల్లో వచ్చి, 'అయ్యో, నా మనవరాలి శాలువా టస్సాక్‌తో పాడైపోయిందండీ, ఫలానాది కొనుక్కున్నాకే బాగుపడ్డాను' అని ఏడ్చేవాళ్లు గుర్తుందా? మగ్గం మొహం ఎరగని మీసాలవాళ్లు. వాళ్ల కోసం పెట్టిన నియమం అది. ఇప్పుడు నీ జనానికి వర్తిస్తోంది. నియమానికి చుట్టరికం తెలియదు.

వాళ్లు కూడా తెలివి మీరారు. మతగౌరి అంటే మన కొండల మీది ముళ్లపొదే కదా, అందుకని పేరు చెప్పకుండా 'ఆ ముళ్లపొద' అంటారు. 'అమ్మాయిగారి కొట్టు' అంటారు. మొన్న ఒకడు 'పక్కింట్లో కూర బాగుందట' అని రాశాడు. అందరికీ నాది ఒకటే జవాబు: 'ఇది టస్సాక్ ఇల్లు. పక్కవాళ్ల సంగతి పక్కవాళ్ల గుమ్మంలో అడగండి.' ఆ చర్చకి తాళం. టిమరులో కూర్చుని నాతో పాటు ఫోరం పెద్దరికం చేసే హెంక్ మాత్రం ఆ నియమం తీసేద్దామని గొణుగుతున్నాడు. హెంక్‌ని ఎవరూ తిట్టకూడదు, అదీ అతని సిద్ధాంతం. అలాంటివాళ్లు కేకులు పంచడానికి పనికొస్తారు, తగువు తీర్చడానికి కాదు. నీ జనానికి నువ్వే చెప్పుకో.

రెండోది. మీ పిన్ని ఊనా పోయినప్పటి నుంచి ఆవిడ మగ్గం ముందుగదిలో అలాగే ఉంది. కంబళి సగంలో ఆగింది. నేత సంఘం నుంచి నోలీన్ ప్రాట్ వచ్చి చూసింది. ఎన్నాళ్లని పడుగు బిగించి ఉంచుతావు ఈవెన్, దారాలు తెగిపోతాయి, నమూనా ఇస్తే మిగతాది నేను నేసి పెడతాను అంది. మంచి మనిషి. నాకు ఆ కంబళి పూర్తి కావాలి. ఈ ఇంట్లో పూర్తి కావాల్సింది ఇంకేం మిగల్లేదు. నమూనా కోసం ఊనా కంప్యూటర్ వెతికాను. దొరికింది. టస్సాక్‌లో తెరుచుకోలేదు. ఫైలు పేరు చివర నీ ముళ్లపొద తోక ఉంది.

మీ పిన్ని మగ్గం కోసం రాసిన ప్రోగ్రాము టస్సాక్. తర్వాతే దాన్ని ప్రపంచానికి ఊరికే ఇచ్చాను. అలాంటిది ఆవిడ ఆఖరి కంబళి నీ దాంట్లో గీసుకుంది, నా గోడకి అవతల కూర్చుని. నా దగ్గర్నుంచి కోడ్ పట్టుకెళ్లావు, లైసెన్సు ఒప్పుకుంటుంది. సభ్యుల్ని పట్టుకెళ్లావు, అది వాళ్ల ఖర్మ. ఆవిణ్ణి కూడానా?

ఇట్లు,
ఈవెన్ గెడ్డెస్


లాన్సెస్టన్
24 ఏప్రిల్

బాబాయ్,

ఈవెన్ గెడ్డెస్ అనే ఆయన ఎవరో నాకు తెలియదు. మా బాబాయ్ చేతిరాతతో ఒక ఉత్తరం వచ్చింది, దానికి జవాబు రాస్తున్నాను.

నువ్వు అడగకపోయినా చెప్తాను. బాగానే ఉన్నాను. ఉన్ని మిల్లులో పాత యంత్రాలకి కొత్త బుర్రలు పెట్టే పని. పొద్దున్నే టేమర్ నది మీద పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే వంతెన సగం దాకా వెళ్లేసరికి అవతలి ఒడ్డు ఉందని నమ్మాల్సిందే. ఇక్కడ చీజ్ రోల్ అంటే ఎవరికీ తెలియదు. నేను చేసి పెడితే 'టోస్ట్ ఎందుకు చుట్టావు' అని అడిగారు. ఏం చెప్పను?

నాలుగో నియమం నేనే టైపు చేశాను, నిజం. నువ్వు చెప్తుంటే చేశాను, అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మీసాలవాళ్లని ఆపడానికి అది సరిపోయింది. ఇప్పుడు ఆపుతున్నది ఎవర్ని? రోజూ మగ్గం మీద కూర్చునేవాళ్లని. ఒకామె మూడు ప్రోగ్రాములు వాడి చూసి, ఇందులో ఇది బాగుంది, అందులో అది బాగుంది అంటే అది ద్రోహమా? సంతలో ఉన్ని కొనేవాళ్లు నాలుగు కొట్లు తిరగరా?

నువ్వే నాకు లైసెన్సు వాక్యం వాక్యం చదివి వినిపించావు. ఈ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అది తీసుకుని మార్చినదాని పేరు మాత్రం నీ ఇంట్లో ఎత్తకూడదు. కోడ్ పట్టుకుపోవచ్చు, పేరు పలకకూడదు. ఇదేం స్వేచ్ఛ బాబాయ్?

జనం ఎలాగూ వెళ్తారు. నువ్వు తాళం వేస్తే వెళ్లడం ఆగదు, ఎందుకు వెళ్తున్నారో నీకు వినపడదు, అంతే. మా ఫోరంలో టస్సాక్ గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకుంటారు కూడా. అందులో పనికొచ్చేవి చాలా ఉంటాయి. వచ్చి చదువు.

పిన్ని సంగతి. ఆవిణ్ణి నేను పట్టుకెళ్లలేదు. ఇంతకంటే ఎక్కువ చెప్పను, చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. ఆ ఫైలు మామూలు మతగౌరిలో కూడా తెరుచుకోదు. అది ఆవిడ కోసం విడిగా తయారు చేసిన దానిది. ఫైలు నాకు పంపు, తెరిచి వెనక్కి పంపిస్తాను. ఒక్కటే అడుగుతున్నా, నోలీన్‌ని తొందరపడనివ్వకు. ఆ కంబళి మగ్గం మీంచి కొయ్యనివ్వకు.

సముద్రం ఒడ్డు నుంచి వచ్చే పెంగ్విన్లు ఇంకా వంటింటి కింద దూరుతున్నాయా? పిన్ని లేకుండా వాటిని ఎవరు తిడుతున్నారు?

నీ
రోనా


ఒమరు
6 మే

రోనా,

పెంగ్విన్లని నేనే తిడుతున్నాను. ఆవిడ తిట్టినంత బాగా కుదరడం లేదు. నేను తిడితే అవి పోతాయి. ఆవిడ తిడితే ఉండేవి.

సంతలో నాలుగు కొట్లు తిరుగుతారన్నావు. తిరగనీ. ఒక కొట్టు గుమ్మంలో నిలబడి పక్క కొట్టులో బేరం ఎలా చెయ్యాలో ఆ కొట్టువాణ్ణే అడగరు కదా. నా ఫోరంలో జవాబులు చెప్పేది జీతగాళ్లు కాదు. హెంక్, నేను, ఇంకో అరడజను మంది ముసలివాళ్లం. నీ ప్రోగ్రాములో నాడె గుర్తు ఎక్కడుందో చెప్పడానికి మా కళ్లు అరగదీసుకోవాలా? ఇంకోటి. కొత్తగా వచ్చిన పిల్ల ఏదో అడుగుతుంది. ఒకరు టస్సాక్ జవాబు, ఇంకొకరు మతగౌరి జవాబు, మూడోవాడు కంపెనీ జవాబు చెప్తారు. ఆ పిల్ల మగ్గం అమ్మేసి అల్లిక సూదులు కొనుక్కుంటుంది. ఇల్లన్నాక గోడలుండాలి. గోడలు లేనిదాన్ని ఇల్లనరు, బస్టాండంటారు.

మీ ఫోరంలో టస్సాక్ గురించి మాట్లాడుకుంటారని గొప్పగా రాశావు. చదివాను. చదవననుకున్నావా? అక్కడ సగం నా తప్పులు. ఆ తప్పులు నాకెవరూ చెప్పలేదు. ఊరంతా చుట్టుకుని మన చెవికి చివర చేరే నింద లాంటిదది. అందులో మూడు సరిదిద్దాను. నీకు కృతజ్ఞత చెప్పడానికి కాదు రాస్తున్నది.

హెంక్ గత వారం నియమం గురించి సభ్యుల ఓటు పెట్టాడు, నన్నడక్కుండా. నేను ఆ చర్చకే తాళం వేశాను. అతను ఫోన్ చేసి అరగంట మౌనంగా ఉన్నాడు. డచ్చివాళ్ల కోపం అలాగే ఉంటుంది. యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన నా కోడ్ మొత్తం తన పాఠ్యపుస్తకంలో పెట్టుకుని, నా పేరు మాత్రం పుస్తకం చివర చీమతలకాయంత అక్షరాల్లో వేసినప్పుడు కూడా ఈ హెంకే నాతో 'పోనీలే ఈవెన్' అన్నాడు. పోనీలే అనేవాళ్ల వల్లే లోకంలో అన్నీ పోయాయి.

ఫైలు పంపను. ఊనా చేత్తో చేసిన వస్తువు ఇల్లు దాటదు. నువ్వు దాన్ని వెనక్కి పంపిస్తానన్నావు. టస్సాక్ కోడ్ పట్టుకెళ్లినప్పుడు కూడా 'మళ్లీ కలుపుదాం బాబాయ్' అన్నావు.

కొయ్యొద్దని ఆజ్ఞ ఒకటి. కంబళి మీద నీకు హక్కు ఉందనుకుంటే సూటిగా అడుగు. ఎవరి కోసం నేస్తోందో ఆవిడ నాకు చెప్పలేదు. నీకు చెప్పిందేమో. ఈమధ్య ఈ ఇంటి సంగతులు లాన్సెస్టన్‌లోనే ముందు తెలుస్తున్నాయి. నోలీన్‌ని వచ్చే నెల రమ్మన్నాను. నమూనా లేకపోతే సాదా నేత నేసి ముగిస్తుంది.

మీ బాబాయ్


లాన్సెస్టన్
21 మే

బాబాయ్,

నీ ఉత్తరం రెండు సార్లు చదివి, కోటు వేసుకుని కొండ లోయ దాకా నడిచి వచ్చాను. నా కోపం మోకాళ్లలోకి దిగలేదు. నీ అంత వయసు లేదు కదా.

నాకు కంబళి వద్దు. హక్కు వద్దు. సగం వరకు ఆవిడ నమూనా, మిగతా సగం సాదా నేత. ఆ కంబళి చూసిన ప్రతిసారీ ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టు కనబడుతుంది. నువ్వు రోజూ దాన్ని చూస్తూ బతకాలి. అందుకే ఆగమన్నాను. దీన్నుంచి హక్కు అనే మాట ఎలా లాగావో నీకే తెలియాలి.

మాట తప్పుతున్నాను. పిన్ని ఉంటే నన్ను క్షమించదు. కానీ సాదా నేత నేయిస్తానంటే ఆవిడ నీ మొహం కూడా చూడదు, కాబట్టి రెండింట్లో ఇదే నయం.

నేనెందుకు విడిపోయానో నీకు గుర్తుండే ఉంటుంది. నేసేటప్పుడు వరసలు పైకి చదివి వినిపించే భాగం ఒకటి రాసి టస్సాక్‌లో కలపమని పంపాను. 'నేసేవాళ్లకి కళ్లున్నాయి, మగ్గం గదిలో వాగుడు అక్కర్లేదు' అని తిప్పి పంపావు. అది పట్టుకుని నేను వేరే గడప తొక్కాను.

ఆఖరి ఏడాది పిన్నికి తెర మీద గళ్లు కనపడడం మానేశాయి. నీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు ముందు. ఆవిడ మొదట అడిగింది నీ ఫోరంలో. వాళ్లమ్మ పేరు పెట్టుకుంది, ఎల్సీ ఆర్. అని. 'వరసలు పైకి చదివే ప్రోగ్రాము ఏదైనా ఉందా? టస్సాక్ కాకపోయినా ఫరవాలేదు' అని అడిగింది. మధ్యాహ్నం టీ పెట్టుకుని వచ్చేలోగా తాళం పడింది. పక్కవాళ్ల గుమ్మంలో అడగమన్నావు. ఆవిడ అప్పుడు గోడకి అవతల ఉంది బాబాయ్. నీ కుర్చీ కిర్రుమనడం కూడా వినపడిందట.

అప్పుడు నాకు ఫోన్ చేసింది. నవ్వుతోంది. 'మీ బాబాయ్ నన్ను గెంటేశాడే' అంది. మరి ఆయన్నే సూటిగా అడగొచ్చు కదా పిన్నీ అన్నాను. ఆవిడ అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చడం లేదు:

"అడిగితే తెల్లారేసరికి మొదలుపెట్టి నాకోసం రాస్తాడు. నేనున్న నాలుగు రోజులూ ఆయన వీపు చూస్తూ కూర్చోవాలి. నాకు ఆ వీపు వద్దే, మొహం కావాలి."

నేను ఒక టాబ్ పంపాను, ఆవిడ మగ్గానికి సరిపోయేట్టు విడిగా చేసి. వరసలు చదివే గొంతు నాదే. కంప్యూటర్ గొంతు ఆవిడకి నచ్చలేదు, 'ఆస్పత్రి మైకులా ఉంది' అంది. నువ్వు మగ్గం గదిలోంచి వినపడేది రేడియో అనుకునేవాడివట. ఆవిడ రోజూ సాయంత్రం ఫైలు తన కంప్యూటర్లో కూడా ఒక కాపీ పెట్టేది, ఏ పనైనా రెండు చోట్ల దాచుకోవాలని నువ్వు నేర్పావు కదా.

నేనావిణ్ణి పట్టుకెళ్లలేదు. నువ్వు తాళం వేసిన ప్రశ్న ఒకటి నా గుమ్మంలోకి వచ్చింది. తలుపు తీశాను.

రోనా


ఒమరు
3 జూన్

రోనా,

వెతికాను. ఉంది. ఎల్సీ ఆర్. అత్తగారి పేరే. పేరు చూసి ఉంటే గుర్తుపట్టేవాణ్ణి. పేరు చూడలేదు. ప్రశ్న కూడా సగమే చదివినట్టున్నాను. 'టస్సాక్ కాకపోయినా' అన్న చోట ఆగిపోయాను. అత్తగారు బతికున్నప్పుడు కూడా నేను ఆవిడ మాట చివరిదాకా విన్న గుర్తు లేదు.

టాబ్ అన్నావు. ఆవిడ మంచం పక్కనున్న వస్తువులన్నీ, రేడియో, కళ్లజోళ్లు, ఆ పలకా, చర్చివాళ్ల దుకాణానికి ఇచ్చేశాను. అది కూడా రేడియో లాంటిదేననుకున్నాను. మొన్న వెళ్లి అడిగాను. ఎప్పుడో అమ్ముడుపోయిందట.

నోలీన్‌ని ఆగమన్నాను. నీ మామూలు మతగౌరి వేసి చూశాను. అవును, నేనే వేశాను, పత్రికలకి చెప్పుకో. నువ్వు చెప్పినట్టే ఫైలు తెరుచుకోలేదు. బొత్తాలు చిన్నపిల్లల మిఠాయిల్లా ఉన్నాయి, రంగుల మీద నీకు ఎప్పుడూ అదుపు లేదు.

నాలుగో నియమం ఈ రోజు తీసేశాను. కారణం రాయమంటుంది యంత్రం. 'అవసరం తీరింది' అని రాశాను. హెంక్ ఫోన్ చేసి మళ్లీ మౌనంగా ఉన్నాడు, ఈసారి సంతోషంతో. తేడా కనిపెట్టడం కష్టమైంది.

ఫైలు గురించి ఫోరంలో ప్రశ్న పెట్టాను, నా పేరుతోనే, అందరూ చూసేట్టు: మతగౌరి విడి కాపీలో చేసిన ఫైలు ఎలా తెరవాలి? ఉత్తరంలో చెప్పొద్దు. చాటుగా చెప్తే అది సాయం కింద వస్తుంది, నాకు సాయం వద్దు. ఈ ఫోరంలో ఇంతకాలం పలకని పేరు మీద నేనే మొదట అడిగాను. జవాబు కూడా అక్కడే రావాలి. నీకు చెప్పాలనుంటే అక్కడ చెప్పు.

మీ బాబాయ్


ఒమరు
27 జూన్

రోనా,

మూడు వారాలు చాలా కాలం. తీగల మీద ఒక్క క్షణంలో చేరే జవాబుకి మూడు వారాలు చాలా ఎక్కువ కాలం.

మిగతా లోకమంతా జవాబు చెప్పింది. గోర్ ఊరి నుంచి ఒకాయన యంత్రం ఆపి మళ్లీ వెలిగించమన్నాడు. నార్వే నుంచి ఒకామె ఫైలు పేరు తోక కత్తిరించమంది. కత్తిరించాను, అతికించాను. ఇంకొకడు, నేను పోయినేడు తాళం వేసినవాడు, 'పక్కవాళ్ల గుమ్మంలో అడిగి చూశారా?' అని రాశాడు. దానికి నలభై మంది చప్పట్లు. వాడి మాట తీసెయ్యలేదు, ఉంచాను. అందరూ ఉన్నారు, నువ్వొక్కదానివే లేవు.

అర్థమైందిలే. ముసలాయన వీధిలో నిలబడి అడుక్కుంటుంటే కిటికీ తెర సందులోంచి చూస్తున్నావు. చూడు. నేను కూడా చాలామందిని అలాగే నిలబెట్టాను, లెక్క సరిపోయిందనుకుంటాను. కానీ ఆ ప్రశ్న నా కోసం అడిగింది కాదు.

నడి చలికాలం కదా, హెంక్ కారవాన్ వేసుకుని ఎండ కోసం ఉత్తరానికి పోయాడు. ఇక్కడ మంచు పడుతోంది. మగ్గం గదిలో హీటర్ పెడుతున్నాను, చలికి ఉన్ని బిగుసుకుంటుందని. ఆ గదిలో కూర్చోను. గుమ్మంలో నిలబడి వేడి తగిలిందా లేదా చూసి వచ్చేస్తాను. అక్కడ వినపడింది నీ గొంతని తెలిశాక ఆ నిశ్శబ్దం ఇంకోలా ఉంది. ఇదివరకు ఊనా లేని నిశ్శబ్దం ఒకటే ఉండేది. ఇప్పుడు ఇద్దరిది.

నోలీన్‌ని మళ్లీ రమ్మనమంటావా? సాదా నేతే నేస్తుంది. గీత కనపడితే కనపడనీ.

ఈవెన్


లాన్సెస్టన్
9 జూలై

బాబాయ్,

నువ్వు ప్రశ్న పెట్టిన రోజే జవాబు రాశాను. మిల్లులో యంత్రం ఆపేసి, ఉన్ని దుమ్ము చేతులతోనే రాశాను. ఆ విడి కాపీ వెతికి, ఇప్పటి కంప్యూటర్ల మీద నడిచేట్టు సరిచేసి, దాంతో పాటే పెట్టాను. పంపగానే నీ ఫోరం నాకేం చెప్పిందో తెలుసా? 'మీ మాట పెద్దల పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి.'

ఉన్నాను. నువ్వు చదివి ఆలోచిస్తున్నావనుకున్నాను. వారం తర్వాత, చదివి వద్దనుకున్నావనుకున్నాను. నీకిష్టం లేని దాన్ని మళ్లీ నెట్టకూడదని ఊరుకున్నాను. రోజూ పనికి వెళ్లే ముందు వంతెన మీద ఆగి ఫోన్ తెరిచి చూసేదాన్ని. పరిశీలనలోనే ఉండేది.

నువ్వు నియమం తీసేశావు. నా మీద ఉన్నది మాత్రం తియ్యలేదు బాబాయ్. నేను విడిపోయిన రోజు నా పేరు మీద నిషేధం పెట్టావు. అది ఇంకా ఉంది. నేనేం రాసినా పరిశీలన అనే ఆ అరుగు మీద కూర్చుంటుంది, నువ్వో హెంకో లోపలికి పిలిచేదాకా. అరుగు వైపు చూడడం ఇద్దరూ మానేసినట్టున్నారు. నియమం లేదు కదా, ఆపాల్సినవాళ్లు ఎవరున్నారు అనుకుని.

వెళ్లి చూడు. నోలీన్‌ని పిలవకు.

నాకు ఆ కిటికీ తెర మాట బాధ కలిగించింది. అది నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను. ఇంకెప్పుడూ ఎత్తను.

నీ
రోనా


ఒమరు
19 జూలై

అమ్మా రోనా,

ఉన్నావు. అరుగు మీద నువ్వొక్కదానివే ఉన్నావు.

నిషేధం తియ్యడానికి బొత్తం ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. పెట్టడం తప్ప తియ్యడం ఎప్పుడూ చెయ్యలేదు. హెంక్‌కి ఫోన్ చేస్తే ఏదో సముద్రం ఒడ్డు నుంచి చెప్పాడు, వెనకాల అలలూ అతని భార్య నవ్వులూ. ఇప్పుడు నీ జవాబు అందరికీ కనపడుతోంది. గోర్ ఆయన నీకు ధన్యవాదాలు చెప్పాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

గోడల సంగతి నేనింకా వెనక్కి తీసుకోలేదు. ఇల్లంటే గోడలుండాలి. ఫోరం ఈ వారమంతా బస్టాండులాగే ఉంది. టస్సాక్ కంటే మతగౌరి దేనికి నయమో ఒకామె పట్టిక వేసి మరీ చూపించింది. సగం తప్పు, ఆ సగానికి జవాబు రాస్తున్నాను. మిగతా సగం ఒప్పు, దానికి పని మొదలుపెట్టాను. మీసాలవాడు ఒకడు మళ్లీ దూరాడు. వాణ్ణి గెంటాను. నీకంటే, నాకంటే ముందు నోలీన్ కనిపెట్టింది వాణ్ణి. మగ్గం గురించి రెండు ప్రశ్నలు వేస్తే దొరికిపోయాడు. దానికి నియమం అక్కర్లేకపోయింది.

విడి కాపీ పాత లాప్‌టాప్‌లో వేసుకుని మగ్గం గదిలోకి పట్టుకెళ్లాను. ఊనా కూర్చునే బల్ల మీద కూర్చోకుండా కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఫైలు తెరుచుకుంది. ఆవిడ ఆగిన వరస దగ్గరే తెరుచుకుంది. తర్వాత నీ గొంతు.

కుడి కాలు, రెండో చెక్క. నాడె ఎడమ నుంచి.

తొక్కేవాళ్లు లేరు. కాసేపు ఆగి మళ్లీ అదే వరస చదివింది. మళ్లీ ఆగింది. మళ్లీ చదివింది. ఎక్కడా విసుగు లేదు. నాకోసం ఏ వస్తువూ అంతసేపు ఆగిన గుర్తు లేదు నాకు. బయట చీకటి పడి కిటికీ అద్దంలో నా మొహమే కనపడేదాకా కూర్చున్నాను. ఆ గొంతు నీ చిన్నప్పటి గొంతులా ఉంది. అప్పట్లో ఊనా పక్కన కూర్చుని వరసలు చదివేదానివి, 'మెల్లిగా చదవవే, రైలు తప్పిపోతోందా' అనేది ఆవిడ.

కంబళి నోలీన్ నేయగలదు. ఇప్పుడు నమూనా ఉంది, గొంతు ఉంది. అయినా ఆవిణ్ణి రావొద్దన్నాను. ఆవిడకి కోపం రాలేదు. 'ఆ పిల్ల రావాలిగా ఈవెన్' అని తన కోటు తను తొడుక్కుంది. పడుగు కాస్త వదులు చేసి వెళ్లింది, దారాలు ఇంకొంత కాలం ఓర్చుకుంటాయట. ఎంత కాలమో చెప్పలేదు. క్రైస్ట్‌చర్చ్ దాకా బస్సు ఉంది, నేను విమానాశ్రయానికి రాగలను. నీకు సెలవు దొరకదేమో, దొరికినా రావాలనుండదేమో. ఈ రెండూ నేను ఊహించుకుంటున్నవి. ఈ ఏడాది నా ఊహలు ఒక్కటీ నిజం కాలేదు కాబట్టి ఈసారి కూడా తప్పుతాయని వాటినే నమ్ముకున్నాను.

ఒక సంగతి చెప్పి ఆపేస్తాను. ఎల్సీ ఆర్. చర్చకి తాళం తీశాను. ఇన్నాళ్ల పాత చర్చ పైకి తేలేసరికి సభ్యులు తెల్లబోయారు, ఇదెవరు, ఇప్పుడెందుకు అని. వాళ్లకేం చెప్పలేదు. అడిగిన మనిషికి మాత్రం జవాబు రాశాను:

'ఉంది ఊనా. మన దగ్గర లేదు. రోనా దగ్గర ఉంది. దాన్ని అడుగు.'

మీ బాబాయ్